నవ్వినోడి పేరేమి?

మా పల్లె కదిరి పక్కన వుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. అది సగటు లెక్క. ఆ సగటును నమ్ముకుని శెనక్కాయ విత్తనం భూమిలో వేసినోళ్ళను అడగండి, సగటు అంటే ఏమిటో చెబుతారు. వాన రాని ఏళ్ళను మేం లెక్కపెట్టం. వచ్చిన ఏడాదినే గుర్తు పెట్టుకుంటాం. పిల్లల వయసులు కూడా మా ఆడోళ్ళు ఆ లెక్కనే చెబుతారు.

కొన్నేళ్ళ కిందట ప్రభుత్వం కరువు మండలాల జాబితా వేసింది. అందులో మా మండలం లేదు. పొలంలో చెట్టు పీకితే కాయ లేదు, వేరే వుంది. బోర్లు ఎండిపోయినాయి. గొర్రెలు అమ్ముడుపోయినాయి. సగం పల్లె బెంగుళూరు కట్టడం పనులకు పోయింది. అయినా జాబితా ప్రకారం మా దగ్గర కరువు లేదు.

ఆ సాయంత్రం రచ్చకట్ట మీద నలుగురు పిల్లోళ్ళు కూర్చుని వున్నారు. అందులో ఒకడు మా ఆపా కొడుకు. వాడన్నాడు: "కరువు నిజంగానే లేదప్పా. అదీ మనూర్లో బతకలేక బెంగుళూరు బండెక్కింది." అందరూ నవ్వారు. రచ్చకట్ట కింద కూర్చున్న ముసలోళ్ళూ నవ్వారు. నలుగురిలో ఒకడు ఎండిన బోరు ఫోటో తీసి, కింద ఈ మాట రాసి, ఫోన్లో పంపినాడు. ఆ మాట ఊర్లు తిరిగింది. తిరిగి తిరిగి ఎవరికి చేరకూడదో వాళ్ళకు చేరింది.

మూడో రోజు నలుగురినీ స్టేషన్‌కు రమ్మన్నారు. ఫోన్లు తీసుకున్నారు. మాట రాసినోడు ఒకడు, పంపినోళ్ళు ముగ్గురు అని తేలింది. మధ్యాహ్నానికి ముగ్గురి తండ్రులు పెద్దమనుషులతో వచ్చి మాట్లాడి, పిల్లోళ్ళను తీసుకుపోయారు. మా వాడు మిగిలినాడు. వాడికీ తండ్రి వున్నాడు, కానీ బెంగుళూర్లో మేస్త్రీ దగ్గర సిమెంటు మోస్తున్నాడు. నేను పోయేటప్పటికి పొద్దు గూకింది.

తర్వాత వాడు నాకు చెప్పినాడు. మొదట "ఈ మాట ఎవరు రాసినారు?" అని అడిగారంట. ఆ తర్వాత "నీ పేరేమి?" అన్నారంట. పేరు చెప్పినాక ప్రశ్నలు మారిపోయినాయంట. ఏ మసీదుకు పోతావు? గల్ఫ్‌లో ఎవరున్నారు? నీకు ఇవన్నీ ఎవరు నేర్పిస్తున్నారు? కరువు గురించి ఆ తర్వాత ఎవరూ అడగలేదు. ఎవరూ కొట్టలేదు. కేసు రాయలేదు. రాత్రి పదింటికి తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని పంపేశారు. ఆ కాగితం మీద తర్వాత ఏం రాసుకున్నారో మాకు తెలీదు.

ఇంటికొచ్చినాక మా ఆపా వాడికి అన్నం పెట్టి ఒకటే మాట అంది: "హస్నా నక్కో బేటా." నవ్వొద్దు నాయనా అని. తిండి లేని ఏళ్ళలో కూడా ఆమె ఆ మాట ఎప్పుడూ అనలేదు.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే.

*

మీరడగొచ్చు, ఇందులో ముస్లిం సమస్య ఏముంది, ఇది పౌరహక్కుల సమస్య కదా అని. నిజమే. నలుగురినీ పిలవడం పౌరహక్కుల సమస్య. ముగ్గురు పోయినాక ఒకణ్ణి వుంచుకోవడం మా సమస్య. ఈ దేశంలో మాకు రెండూ వున్నాయి. అందరికీ వచ్చే కష్టం మాకూ వస్తుంది, దాని మీద పేరు వల్ల వచ్చే కష్టం వేరే వుంటుంది. మిగతావాళ్ళు ప్రభుత్వాన్ని ఎగతాళి చేస్తే ప్రతిపక్షం అంటారు. మేం చేస్తే పరదేశం అంటారు. మా జోకుకు కూడా దేశభక్తి సర్టిఫికెట్ కావాలి.

మునావర్ ఫారూఖీ సంగతి చూడండి. 2021 జనవరి 1న ఇండోర్‌లో ఆయన హాస్య ప్రదర్శన. షో సరిగా మొదలు కాకముందే అడ్డుకుని పోలీసులకు అప్పగించారు. దేవుళ్ళను అవమానించాడని కేసు. జనవరి 28న హైకోర్టు బెయిలు ఇవ్వనంది. ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు ఇచ్చింది. చెప్పీ చెప్పని జోకుకు నెలకు పైగా జైలు. తర్వాత ఊరూరా ఆయన ప్రదర్శనలు రద్దయినాయి. అక్కడ చట్టం జోకును వినలేదు, పేరును విన్నది.

*

అయితే దీన్ని మా ఒక్కరి ఏడుపుగా చెప్పి ఆపేస్తే అబద్ధమవుతుంది. నవ్వును చూసి పాలకులు భయపడటం మాతో మొదలు కాలేదు.

కర్నూల్లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావును 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో రాసిన రాతకు రాజద్రోహం కింద జైల్లో పెట్టారు. అదే 1908లో అలీగఢ్‌లో మౌలానా హస్రత్ మొహానీని 'ఉర్దూ-ఎ-ముఅల్లా' పత్రికలో ఈజిప్టులో బ్రిటిష్ వాళ్ళ విధానం మీద వచ్చిన వ్యాసానికి అదే చట్టం కింద పట్టుకున్నారు. ఆ వ్యాసం ఆయన రాసింది కాదు. రాసినోడి పేరు చెప్పమన్నారు. ఆయన చెప్పలేదు. బాధ్యత తన మీద వేసుకుని జైలుకు పోయినాడు. పేరు అడిగే ప్రభుత్వం, చెప్పని మనిషి. నూరేళ్ళు దాటినా కథ అదే.

మా జిల్లా సంగతి చెప్పుకుందాం. తరిమెల నాగిరెడ్డి 1940లో యుద్ధం ఆర్థికంగా జనాన్ని ఏం చేస్తుందో పుస్తకం రాసినాడు. తెల్లదొరలు తిరుచిరాపల్లి జైల్లో పెట్టారు. దేశం స్వతంత్రమైంది. ఆయన శాసనసభకు పోయినాడు, బయటికొచ్చినాడు. 1976లో, ఎమర్జెన్సీ కాలంలో, అజ్ఞాతంలో వుండగానే చనిపోయినాడు. ఇద్దరు ప్రభువులనూ చూసినాడు. ఇద్దరికీ ఆయన రాత గిట్టలేదు.

ఎమర్జెన్సీ పెట్టిన 1975లోనే కార్టూన్ల పత్రిక 'శంకర్స్ వీక్లీ' మూతబడింది. కత్తి పట్టినోణ్ణి ఎదుర్కోవడానికి రాజ్యానికి సైన్యం వుంది. బొమ్మ గీసినోణ్ణి ఎదుర్కోవడానికి ఏమీ లేదు. అందుకే సైన్యాన్నే పంపుతుంది.

ఇక మన కాలం. 2017 ఏప్రిల్లో 'పొలిటికల్ పంచ్' పేరుతో వ్యంగ్య చిత్రాలు పెట్టే ఒకాయన్ను ఆంధ్ర పోలీసులు హైదరాబాద్ పోయి పట్టుకొచ్చారు. అప్పుడు తెలుగుదేశం ప్రభుత్వం. వైయస్సార్ కాంగ్రెస్ వాళ్ళు భావప్రకటనా స్వేచ్ఛ అని గొంతెత్తారు. బాగుంది. 2019లో వాళ్ళే గద్దెనెక్కారు. అదే ఏడాది అక్టోబరులో 2430 నంబరు జీవో వచ్చింది. తమకు నచ్చని వార్తల మీద కేసులు పెట్టే అధికారం శాఖల కార్యదర్శులకు ఇచ్చింది. 2020 మే నెలలో విశాఖలో ఎల్జీ పాలిమర్స్ విషవాయువు జనాన్ని చంపితే, దాని మీద ప్రశ్నలు పెట్టిన గుంటూరు మహిళపై సీఐడీ కేసు. ఆమె అరవై దాటిన మనిషి. ఈసారి తెలుగుదేశం వాళ్ళు స్వేచ్ఛ అన్నారు. 2024లో వాళ్ళు మళ్ళా వచ్చారు. ఆ నవంబరులోనే అవతలి పార్టీ కోసం రాసేవాళ్ళ మీద ఊరూరా కేసులు. ఇప్పుడు మళ్ళా వీళ్ళకు స్వేచ్ఛ గుర్తొచ్చింది.

అంటే స్వేచ్ఛ మన రాష్ట్రంలో ప్రతిపక్షానికి ఇచ్చే గది లాంటిది. ఎన్నికల ఫలితాల రోజు ఒకరు ఖాళీ చేస్తారు, ఇంకొకరు సామాను దించుకుంటారు.

2025 జూన్‌లో ఇంకో మెట్టు ఎక్కారు. టీవీ చర్చలో ఒక అతిథి అమరావతి ఆడోళ్ళ గురించి నీచమైన మాట అన్నాడు. చర్చ నడిపిన సీనియర్ పాత్రికేయుడు కొమ్మినేని శ్రీనివాసరావు నవ్వినాడని ఆయన్ను అరెస్టు చేశారు. ఆ మాట నీచమైనదే, నేను దాన్ని సమర్థించను. ఆ నవ్వు నాకూ బాగా అనిపించలేదు. కానీ నవ్వినందుకు సంకెళ్ళా? రోజుల్లోనే సుప్రీంకోర్టు ఆయన్ను విడుదల చేయమంది. నవ్వినంత మాత్రాన నేరంలో భాగస్వామి ఎట్లా అవుతాడని అడిగింది. దేశ అత్యున్నత న్యాయస్థానం కూర్చుని నవ్వు నేరమా కాదా అని తేల్చాల్సిన రోజు వచ్చింది.

ఇవన్నీ పేరున్న కేసులు. కోర్టు దాకా పోయినాయి. మా వాడి లాంటివి పోవు. బెదిరింపు అంటే అరెస్టు కాదు. అరెస్టుకు కాగితం వుంటుంది, వకీలు వుంటాడు, పత్రికలో రెండు లైన్లు వస్తాయి. బెదిరింపుకు ఏమీ వుండదు. ఒక ఫోను వస్తుంది. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెడతారు. ఫోను తీసుకుంటారు, ఇవ్వరు. "ఇంటర్ చదువుతున్నావు కదా, ఉద్యోగం వద్దా?" అని మెల్లగా అడుగుతారు. సెక్షన్ 66ఏ ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. రాజద్రోహ సెక్షన్‌ను 2022 మేలో నిలిపేసింది. కొట్టేసిన సెక్షన్ కిందా కేసులు రాసిన దేశం ఇది. అసలు సెక్షనే లేని బెంచీని ఏ కోర్టు కొట్టేస్తుంది?

*

వేళాకోళం మా సీమకు తిండి లాంటిది. ఇది చెప్పకపోతే మా ఆపా మాట ఎంత బరువైందో మీకు తెలీదు.

వేమన సమాధి మా కదిరి దగ్గర కటారుపల్లిలో వుంది. రాజులను, గురువులను, గుళ్ళను, లోభులను ఆ మనిషి వదల్లేదు. ఇప్పుడు ఆయన జయంతిని ప్రభుత్వమే జరుపుతోంది. దండలు వేసే అధికారులు ఆయన పద్యాల్లో ఒకదాన్ని తమ పేరు పెట్టి చదివితే ఏం చేస్తారో!

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. రామాయణం ఆడుతుంటారు. రావణుడు గర్జిస్తుంటాడు. మధ్యలో కేతిగాడు, బంగారక్క దూరతారు. ఊరి కరణం నుంచి ముఖ్యమంత్రి దాకా అందరినీ కడిగేస్తారు. రాముడు రావణుడు తెర మీద ఆగి వింటుంటారు. దేవుళ్ళు కాసేపు పక్కకు తప్పుకున్నా ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు. నార్పల పక్కన గూగూడులో కుళ్ళాయప్ప పీర్ల పండక్కు హిందువులు ముస్లిములు కలిసి వస్తారు. పీర్లు లేచే రాత్రుల్లో, మాతం ఏడుపు పక్కనే, మా పల్లెల్లో వేషాలు కూడా వుంటాయి. పటేలు వేషం, పోలీసు వేషం, దొరసాని వేషం. వేషగాడు లాఠీతో నిజం పోలీసు వెనకాలే నడుస్తాడు. నా చిన్నప్పుడు ఆ పోలీసు కూడా నవ్వేవాడు.

మా ఉర్దూ లోకం మాత్రం? దకనీ యాసలో నవ్వించే ముషాయిరాలకు హైదరాబాద్‌లో జనం తెల్లవార్లూ కూర్చునేవాళ్ళు. జిందా దిలానే హైదరాబాద్ అని సంస్థ పెట్టుకున్నారు. 1968 నుంచి 'షుగూఫా' అనే హాస్య పత్రికే నడిపారు. ముల్లా నస్రుద్దీన్‌ను కన్న జాతి మాది. గడ్డం, టోపీ, కోపం తప్ప మాకు ఇంకో ముఖం లేదని సినిమాలు చూసి అనుకునేవాళ్ళకు ఇది చెప్పాలి. మాకు నవ్వూ వుంది.

కరువు సీమకు నవ్వు ఎందుకంత అవసరం? నవ్వు మాకు అర్జీ. ఆఫీసుకు రాసిన అర్జీ ఫైల్లో పడుకుంటుంది. రచ్చకట్ట మీద పుట్టిన వేళాకోళం నడిచిపోతుంది. 2016లో ఎండుతున్న శెనక్కాయను రెయిన్‌గన్లతో కాపాడతామని ప్రభుత్వం మా జిల్లాకు దిగింది. అధికారుల లెక్కలు ఒకటి చెప్పినాయి, పొలాలు ఇంకోటి చెప్పినాయి. పొలాల మాట బయటికి వచ్చింది ముందు వెటకారం రూపంలోనే. పి. సాయినాథ్ 1996లో కరువు జిల్లాల మీద పుస్తకం వేసి, మంచి కరువంటే అందరికీ ఇష్టమేనన్న అర్థం వచ్చే పేరు పెట్టినాడు. ఆ పేరే ఒక వ్యంగ్యం. స్వేచ్ఛగా రాసే పత్రికలు, ఓటు వున్న దేశంలో పెద్ద క్షామాలు రావని అమర్త్యసేన్ చెప్పింది కూడా ఇదే. ఆకలి సంగతి పైవాడికి తెలియాలంటే కిందివాడి నోరు తెరిచి వుండాలి. నోరు మూసిన చోట కరువు జాబితాలో వుండదు, ఇళ్ళల్లో వుంటుంది.

*

ఇప్పుడు నా ఇంటి సంగతి. ఇది చెప్పకుండా పై మాటలు చెప్పే హక్కు నాకు లేదు.

షోయబుల్లా ఖాన్ పేరు మా పిల్లలకు ఎంతమందికి తెలుసు? 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు. రజాకార్ల దౌర్జన్యాలను ఉర్దూలో, తన జాతి భాషలో, తన జాతికి చెప్పినాడు. 1948 ఆగస్టు 21 రాత్రి హైదరాబాద్‌లో ఆయన్ను కాల్చి, చేయి నరికారు. చంపినోళ్ళూ కలిమా చదివినోళ్ళే. రాసే చెయ్యి మీద కోపం ఎవరికుంటుందో ఆ రాత్రి తెలిసింది. ఏ మతానికీ కాదు, అధికారానికి వుంటుంది.

2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో తస్లీమా నస్రీన్ పుస్తకం తెలుగు అనువాదం ఆవిష్కరణ. మజ్లిస్ ఎమ్మెల్యేలు మనుషులతో వచ్చి ఆమె మీద పడ్డారు. కుర్చీలు, పూలగుత్తులు విసిరారు. ఆ రోజు మాలో చాలామంది మౌనంగా వున్నాం. కొంతమందిమి లోపల సంతోషపడ్డాం కూడా. నేను ఏం చేశానో చెబుతాను. ఆమె రాతల్లో నాకు నచ్చనివి వున్నాయి కాబట్టి, నాకు సంబంధం లేదనుకున్నాను. మా ఆపా కొడుకును బెంచీ మీద కూర్చోబెట్టిన రోజు పక్క వీధి వాళ్ళు కూడా అదే అనుకునివుంటారు.

"మరి మా ప్రవక్తను తిడితే?" అని నా తమ్ముళ్ళు అడుగుతారు. ఆ ప్రశ్నను నేను దాటేయను. 2022 ఆగస్టు 20న ఫారూఖీ ప్రదర్శన పోలీసు బందోబస్తు మధ్య హైదరాబాద్‌లో జరిగింది. దాన్ని ఆపలేకపోయిన గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ రెండు రోజులకే ప్రవక్త మీద వీడియో వదిలినాడు. దానికి కామెడీ అని పేరు పెట్టినాడు. నేను సగం చూసి ఆపేశాను. నొప్పి పుట్టింది. నొప్పి లేదని చెప్పే లౌకికవాదిని కాను నేను.

ఆ నొప్పిలోనే ఒక తేడా కనబడింది. కేతిగాడు తనకంటే పెద్దోణ్ణి చూసి నవ్వుతాడు. పడితే తానే పడతాడని తెలిసి నవ్వుతాడు. బలమున్నోడు బలం లేని వీధి మీద విసిరేది రాయి. దానికి జోకు అని పేరు పెట్టినా రాయి రాయే. మంచీ చెడూ తేల్చేటప్పుడు ఈ తేడా మనం వదలకూడదు. విసిరినోణ్ణి నిలదీయాలి, సిగ్గుపడేలా చేయాలి, ఓటుతో జవాబు చెప్పాలి.

కానీ ఆ తేడాను లాఠీ చేతికి ఇవ్వొచ్చా? ఆ ఆగస్టు 25న ఆ ఎమ్మెల్యే మీద పీడీ యాక్టు పెట్టారు. విచారణ లేకుండా ఏడాది దాకా లోపల వుంచే చట్టం అది. మా వీధుల్లో మిఠాయి పంచినంత సంతోషం. నవంబరులో హైకోర్టు దాన్ని కొట్టేసింది, ఆయన బయటికొచ్చినాడు. ఆ చట్టం మాత్రం అట్లే వుంది. విచారణ లేని చట్టం ఎవరి పిల్లలను ఎక్కువగా తింటుందో మాకు తెలీదా? దాన్ని చప్పట్లు కొట్టి పెంచితే, అది తిరిగి వచ్చేది ఏ గడపకు?

నా మట్టుకు నేను తేల్చుకున్న గీత ఇది. చంపమని, తగలబెట్టమని, వెలేయమని పిలుపు ఇచ్చిన మాటకు చట్టం కావాలి. ఎవరి నోట వచ్చినా కావాలి. అవమానానికి, ఎగతాళికి, నచ్చని రాతకు పోలీసు వద్దు. నన్ను అవమానించినా వద్దు. అవమానానికీ పిలుపుకూ మధ్య గీత ఎప్పుడూ స్పష్టంగా వుండదని తెలుసు. ఈరోజు అవమానం రేపటి దాడికి దారి వేస్తుందని కూడా తెలుసు. మా బతుకే దానికి సాక్ష్యం. అయినా గీత గీసే అధికారం ప్రభుత్వానికి ఇస్తే, దాని వైపు చూసి నవ్వినోణ్ణే మొదట అవతలికి నెడుతుంది.

2025 మార్చి 28న సుప్రీంకోర్టు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద గుజరాత్ పోలీసులు పెట్టిన కేసును కొట్టేసింది. ఆయన నేరం ఒక కవిత వినిపించడం. కవిత్వం, నాటకం, వ్యంగ్యం మనిషి బతుకును అర్థవంతం చేస్తాయని కోర్టు అంది. ప్రతి విమర్శనూ ముప్పుగా చూసే బలహీన మనసుల కొలతతో మాటల్ని తూచకూడదంది. ఆ తీర్పు వచ్చిన రోజు మేం సంతోషపడ్డాం. ఆ తీర్పు తస్లీమాకూ వర్తిస్తుంది. అది కూడా ఒప్పుకుంటేనే ఆ సంతోషం మాది.

*

లౌకిక మిత్రులకు ఒక మాట. మేం ముల్లాల మీద రాస్తే మీరు సభలు పెట్టి శాలువాలు కప్పుతారు. మేం మీ ప్రభుత్వం మీద, మీ పోలీసు మీద, మీ ఇష్టమైన నాయకుడి మీద ఎగతాళి చేస్తే, "ఇప్పుడు సమయం కాదు, జాగ్రత్త" అంటారు. మా నోరు మా ఇంటి వైపు తిరిగితేనే మీకు స్వేచ్ఛగా కనబడుతుందా? మా నోటిని రెండు వైపులా తిరగనివ్వండి.

నా జాతి వాళ్ళకు ఇంకో మాట. వ్యంగ్య చిత్రం పెట్టి అరెస్టయిన ఆ మనిషి కోసం, ప్రశ్న అడిగిన ఆ గుంటూరు అమ్మ కోసం మనం ఒక్క కరపత్రం వేయలేదు. వాళ్ళు మనవాళ్ళు కాదనుకున్నాం. 2024 ఫిబ్రవరిలో మన రాప్తాడు సభలోనే ఒక పత్రిక ఫోటోగ్రాఫర్‌ను పార్టీ కార్యకర్తలు చుట్టుముట్టి కొట్టారు. అప్పుడూ అది పార్టీల గొడవ అనుకున్నాం. పేరు చూసి నిలబడటం పోలీసులు చేసే పని. మనమూ అదే చేస్తే వాళ్ళను అడిగే ముఖం మనకు ఎక్కడిది?

*

మా ఆపా కొడుకు ఇప్పుడు బెంగుళూర్లో వున్నాడు. వాడి జోకులో కరువు ఎక్కిన బండే వాడూ ఎక్కినాడు. ఫోన్లో ఏమీ రాయడు. ఎవరైనా పంపితే చూసి తుడిచేస్తాడు. వాడికి ఇరవై మూడేళ్ళు. ఆ వయసులో తుడిచేయడం నేర్చుకున్నాడు. ప్రభుత్వానికి కేసు కూడా అక్కర్లేకపోయింది.

పోయిన పీర్ల పండక్కు వచ్చినాడు. రాత్రి అన్నాలు తిన్నాక మంచాలు వేసుకున్నాం. ఆ ఏడాది కూడా వాన వెనకపడింది. ఎవరో జాబితా మాట ఎత్తారు. వాడు కాసేపు ఊరుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "మామూ, బెంగుళూర్లో కరువు కనబడింది. అద్దె కట్టలేక వెనక్కి వస్తానంటోంది. రేషన్ కార్డు ఈ ఊరిదేనంట."

నేను గట్టిగా నవ్వాను. మా ఆపా కూడా నవ్వింది. ముందు లేచి పోయి, తలుపు గడియ పడిందో లేదో చూసుకుని వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.